ఆరేళ్ళు వీపుతో మాట్లాడాను

బల్గేరియాలో, విదిన్ ఊరి చివర,
దాన్యూబ్ పొగమంచు కిటికీలకి తడిగుడ్డలా అంటుకునే అనాథాశ్రమంలో
నాది రాత్రి డ్యూటీ.
పదకొండు మంచాలు. పదకొండు మంది మగపిల్లలు.
ఆడపిల్లల గదిలో అప్పుడప్పుడూ ఒక పక్క ఖాళీ అయ్యేది.
మా గది మాత్రం
ఎవరూ జరపని బరువు బీరువాలా
ఉన్నచోటే ఉండేది.

కిటికీ పక్క మంచం జివ్కోది.
ఫైల్లో వాడి గురించి నాలుగే ముక్కలు:
చెవుడు. మాట లేదు. మొండి. బుద్ధిమాంద్యం?
ఆ చివరి ప్రశ్నార్థకం ఎవరో పెన్నుతో పెట్టి వెళ్ళారు.
జవాబు రాయడానికి మళ్ళీ ఎవరూ రాలేదు.

నేను చెడ్డదాన్ని కాను.
వాడు మేజోడులో దాచుకున్న రొట్టెముక్క
బూజు పట్టాక తీసేసి
అదే మేజోడులో కొత్త ముక్క పెట్టేదాన్ని.
కానీ రోజూ వాడి వీపుకేసి
జివ్కో, జివ్కో అని పిలిచేదాన్ని.
తిరక్కపోతే కసిరేదాన్ని.
చెవిటివాడని తెలుసు. తెలిసే పిలిచేదాన్ని.
తెలియడం వేరు,
తెలిసింది చేతిదాకా రావడం వేరు.

మార్చిలో వాళ్ళొచ్చారు, కెనడాలో విన్నిపెగ్ నుంచి.
వెండెల్, ఒడెట్.
అతను వడ్రంగి, బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది.
ఆమె కోటు గుండీ ఒకటి వేరే రంగు దారంతో కుట్టి ఉంది.
కాఫీ ఇస్తూ, ప్రయాణం బాగా సాగిందా అన్నాను.
ఇద్దరూ చెవులు చూపించి తల అడ్డంగా ఊపారు.
మా దేశంలో తల అడ్డంగా ఊపితే అవునని.
వినిపిస్తోందిలే అనుకుని
వంతెన గురించి, వాన గురించి చెబుతూనే ఉన్నాను.

జివ్కో మూల నిలబడి గోడ పెచ్చులు గీరుతున్నాడు,
మా అందరికీ వీపు పెట్టి.
వెండెల్ కుర్చీ లోంచి దిగి నేల మీద కూర్చున్నాడు.
అరచేత్తో నేలని రెండుసార్లు చరిచాడు.
చెక్క నేల.
ఆ అదురు పలకల మీదుగా పాకుతూ వెళ్ళి
వాడి అరికాళ్ళలోకి ఎక్కింది.

జివ్కో తిరిగాడు.

నేను ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను.
ఇంతేనా?
ఆరేళ్ళుగా నా కాళ్ళ కిందే ఉందా?

ఐదు రోజులు. అంతే ఇస్తుంది చట్టం.
కాగితాలు తేలాక మళ్ళీ రావాలి.
వెళ్ళేటప్పుడు ఒడెట్ వేలితో గాల్లో ఒక చుట్టు చుట్టి
గుండెల మీదికి తెచ్చి ఆపింది.
వాడు అది పట్టుకున్నాడు.
ఏప్రిల్ అంతా, జూలై దాకా,
పప్పు గిన్నె ముందు, స్నానాల గదిలో, దుప్పటి కింద
అదే చుట్టు, అదే ఆపడం.
పక్క మంచం క్రుమ్‌కి కూడా నేర్పాడు.
క్రుమ్‌కి చెవులు శుభ్రంగా వినిపిస్తాయి, కాళ్ళే లేవవు.
దీపం తీశాక
ఇద్దరూ నా టార్చి వెలుగులో గోడ మీద నీడలతో పోట్లాడుకునేవాళ్ళు,
నవ్వు ఒక్కడికే వినిపించేది.

ఆగస్టులో టాక్సీ వచ్చింది.
ఎప్పుడూ కారెక్కనివాడు, బెదిరిపోయి
వెండెల్ కుడిచేతిని కొరికాడు.
మాట్లాడే చేయి. రక్తం వచ్చింది.
వెండెల్ ఎడమచేత్తో ఏదో అన్నాడు, నెమ్మదిగా.
ఏడుపు ఆగలేదు గానీ
పళ్ళు వదిలాయి.
అలా వెళ్ళాడు నా జివ్కో,
తండ్రి చేతికి నా తలగుడ్డ కట్టుగా చుట్టి ఉండగా.

కిటికీ పక్క మంచంలో ఇప్పుడు ఇంకొకడు.
క్రుమ్‌కి అక్టోబరులో పదకొండు నిండుతాయి.
దీపం తీసే ముందు
వాడి మంచం కోడుని రెండుసార్లు తడతాను.
పిలిస్తే పలుకుతాడు, తట్టక్కర్లేదు.
అయినా తడతాను.
వాడు వేలితో గాల్లో చుట్టు చుట్టి
గుండెల మీదికి తెచ్చి
నా మొహంలోకి చూస్తాడు.
వస్తారు అంటున్నాడో
వస్తారా అంటున్నాడో —
ఆ సైగకి ప్రశ్నార్థకం ఎలా పెడతారో
ఒడెట్‌ని అడగడం మర్చిపోయాను.